చీర కట్టుకుని ‘కట్ పీస్’ చేస్తే అది అదే ప్రదర్శనా?

బీసెంట్‌నగర్ పాఠకురాలు: చెన్నైలో ఒక చిన్న బృందం జపనీస్ కళాకారిణి యోకో ఓనో ప్రదర్శన ‘కట్ పీస్’ను చీరతో చేయాలనుకుంటోంది. తెలియనివారి కోసం క్లుప్తంగా: 1964లో క్యోటోలో మొదటిసారి జరిగింది. కళాకారిణి వేదిక మీద కదలకుండా కూర్చుంటుంది, ఎదురుగా కత్తెర. ప్రేక్షకులు ఒక్కొక్కరే వచ్చి ఆమె బట్టలోంచి చిన్న ముక్క కత్తిరించుకుని పట్టుకెళ్తారు. ఎప్పుడు ఆపాలన్నది ఆమె ఇష్టం. 1965లో న్యూయార్క్ కార్నెగీ రిసైటల్ హాల్లో ఒకతను లోపలి బట్ట పట్టీలు కూడా తెంపాడు. ఆమె ఛాతీకి చేతులు అడ్డం పెట్టుకుంది. చీరతో చేస్తే ఇది మనదవుతుందా, అసలు విషయమే పోతుందా?

కాస్ట్యూమ్ పని, వడపళని: చీర వద్దండీ. సెంటిమెంటుతో అనడం లేదు, కట్టు గురించి అంటున్నాను. కుట్టిన బట్టలో చెయ్యి పోయినా భుజం నిలుస్తుంది, భుజం పోయినా నడుము నిలుస్తుంది. అందుకే ఆ ప్రదర్శన నెమ్మదిగా సాగుతుంది, ఆ నెమ్మదిలోనే చూసేవాడికి తను చేస్తున్నదేమిటో తెలుస్తుంది. చీర అయిదున్నర మీటర్ల ఒకే గుడ్డ. భుజం మీద పిన్ను పక్కన ఒక్క కోత పడితే పమిటంతా జారుతుంది, రెండో మనిషికే ఆట ముగిసిపోతుంది. కుచ్చిళ్ళ దగ్గర ఆరేడు మడతలు, చిన్న కత్తెర దిగదు. దిగకపోతే మనిషి చేత్తో లాగుతాడు. పట్టుచీర జరీ అంచు దగ్గరా అంతే. జార్జెట్ అయితే కత్తెర నోట్లో జారి నలుగుతుంది. తప్పదంటే నూలు చీర తీసుకుని భుజం, నడుము, వీపు దగ్గర జాకెట్టుకీ లంగాకీ మూడంగుళాలకోసారి టాకా వేయాలి.

తెరుక్కూత్తు (తమిళ వీధినాటకం) అభిమాని: అలా కుట్టేస్తే అది చీరలా కనిపించే గౌను! అయినా నా అభ్యంతరం వేరు. వేదిక మీద చీర కట్టుకున్న ఆడమనిషి, ఆమె బట్ట మీద మగవాడి చెయ్యి... మన ప్రేక్షకుడికి వెంటనే కౌరవసభే గుర్తొస్తుంది. ద్రౌపది బట్ట ఇవ్వలేదు, లాగారు. ఓనో ఇచ్చింది. ఈ పనిని ఇవ్వడంగానే చెప్పుకుంది, బుద్ధుడి త్యాగకథను తలచుకుంది. 2003లో పారిస్‌లో మళ్ళీ చేసినప్పుడు పోస్టుకార్డంత ముక్క కోసుకుని ఇష్టమైనవాళ్ళకు పంపమంది. తెరుక్కూత్తులో దుశ్శాసనుడి వేషగాడు కూడా చీర మీద చెయ్యి వేసేముందు ద్రౌపదికి దండం పెడతాడు. ఆ కట్టుబాటు లేకుండా హాల్లో కత్తెర పెడితే, మర్యాదస్థులు ఎవరూ లేవరు. లేచేవాళ్ళే లేస్తారు.

మల్లేశ్వరం, బెంగళూరు: ద్రౌపది కథ కౌరవసభలోనే ఆగిపోలేదు కదండీ. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’ కథను దర్శకుడు కన్హయ్యలాల్ 2000లో మణిపూర్‌లో నాటకం చేస్తే, ఆ పాత్ర వేసిన సావిత్రి తన బట్ట తానే తీసేసి సైన్యాధికారి ముందు నిలబడింది. 2004 జులైలో ఇంఫాల్‌లో పన్నెండుమంది తల్లులు సైనికుల అత్యాచారానికి నిరసనగా కాంగ్లా కోట గేటు ముందు అదే చేశారు. అక్కడ ఇంకొకరి చెయ్యే లేదు.

కదలకుండా కూర్చున్న ఒంటికి మద్రాసులో ఇంకో చరిత్ర కూడా ఉంది. 1885 నుంచి ఎగ్మూరు మ్యూజియం నడిపిన బ్రిటిష్ అధికారి థర్‌స్టన్ కాలిపర్లనే కొలత పరికరాలతో జనం తలలూ ముక్కులూ కొలిచాడు. ఏడు సంపుటాలుగా 1909లో అచ్చువేసిన కులాల, తెగల పుస్తకంలో ఆ కొలతలున్నాయి. మా ఊరి కళాకారిణి పుష్పమాల 2000–2004 మధ్య ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి చేసిన ఫొటో సీరీస్‌లో కొలతగళ్ళ తెర ముందు తనే ‘నమూనా’గా నిలబడింది. మన ప్రదర్శన తాకాల్సిన గాయం అదీ. చీర పెడితే ఎవరూ ద్రౌపదిని దాటి రారు, కాబట్టి చీర వద్దన్న మాటతో ఏకీభవిస్తున్నాను, కారణం మాత్రం ఇది.

బీసెంట్‌నగర్ పాఠకురాలు: మరి చీర లేకపోతే, కూర్చున్నది ఆసియా స్త్రీ అన్నది ఎక్కడ కనిపిస్తుంది? మామూలు కుర్తా అయితే ఎవరైనా ఒకటే.

మల్లేశ్వరం, బెంగళూరు: న్యూయార్క్‌లో ఓనో కిమోనో కట్టలేదు. నల్లటి బట్టలే. జపాన్ ఆమె కూర్చున్న తీరులో ఉంది: మోకాళ్ళు ముడిచి, మడమల మీద. ఎదురుగా ఉన్నది అమెరికన్ ప్రేక్షకులు, యుద్ధం ముగిసి ఇరవయ్యేళ్ళు. వేషం వేసుకుంటే వాళ్ళకు చూడ్డం సులువయ్యేది. పరాయి దేశంలో మన నాట్యకారిణులు పడే పాట్లన్నీ ఇక్కడే: గజ్జె, బొట్టు, పట్టు ఉంటేనే మనవాళ్ళని గుర్తిస్తారు, ఆ గుర్తింపే ఉచ్చవుతుంది. చెన్నైలో చేసేటప్పుడు మనమే మనకి ఆ వేషం వేయడమెందుకు?

తెరుక్కూత్తు అభిమాని: ఈ మాటకు ఒప్పుకుంటాను. కానీ ఫోన్ల సంగతి? కోసుకున్న ముక్క ఇంటికెళ్తుంది, వీడియో ఊరంతా తిరుగుతుంది.

న్యాయం చదివినవాడిని: గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని టోకెన్లివ్వండి. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 77 మీద ధీమా పెట్టుకోవద్దు, అది ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చూడడం, చిత్రీకరించడం గురించి. ప్రేక్షకుల ముందు చేసినదానికి వర్తిస్తుందనే నమ్మకం లేదు. పైగా బహిరంగ అశ్లీలతకు సంబంధించిన 296 కింద ఫిర్యాదొస్తే అది కళాకారిణి మీదికీ నిర్వాహకుల మీదికీ రావచ్చు. ఎంత కోయాలో, ఎక్కడ కోయకూడదో ముందే ప్రకటించండి. ఓనో సూచనలో ఉన్నది ‘చిన్న ముక్క’ అనే.

కాస్ట్యూమ్ పని, వడపళని: కుర్తా అయితే ఇలా: మందపాటి నూలు, ఒంటికి నాలుగంగుళాల వదులు. బాసింపట్టు వేస్తే తొడల మీద బట్ట బిగుసుకుని చర్మానికి ఆనుకుంటుంది, అక్కడే కత్తెర తగులుతుంది. అందుకే కింది భాగానికి ఇంకో జానెడు ఎక్కువ. అయిదంగుళాల కత్తెర, మొన గుండ్రంగా ఉన్నది. పదునుగా మాత్రం ఉండాలి, మొద్దు కత్తెరైతే మనిషి చేతులతో చింపుతాడు.