గాల్వెస్టన్ – కోజుమెల్, 5 రాత్రులు: అమ్మానాన్నలతో మొదటి క్రూజ్, ఏం చూసుకోవాలి?

డాలస్_దంపతులు
జనవరిలో టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లొచ్చే 5 రాత్రుల క్రూజ్ బుక్ చేద్దామనుకుంటున్నాం. మేమిద్దరం, 9 ఏళ్ల పాప, డైపర్ ఇంకా మానని 3 ఏళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. అమ్మానాన్న బీ2 (విజిటర్ వీసా) మీద ఉన్నారు. నాది హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వేసే వీసా) గడువు అయిపోయింది, ఐ-797 (హెచ్‌1బీ ఆమోదపత్రం) మాత్రం ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పి, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. టికెట్ కాకుండా ఇంకెంత పడుతుంది? రూములు ఎలాంటివి తీసుకోవాలి? తిండి మాటేమిటి? పెద్దవాళ్లకి సముద్రం పడుతుందా?

కాగితాల_పిచ్చి
రూము సంగతి తర్వాత, ముందు మీ స్టాంపింగ్ సంగతి తేల్చుకోండి.

అమెరికాలోకి తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉంది: మెక్సికోలోనో కెనడాలోనో 30 రోజులు మించకుండా ఉండి, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువు మిగిలి ఉంటే, స్టాంపు చెల్లిపోయినా రావచ్చు. అక్కడ ఉండగా కొత్త వీసాకి అప్లై చేయకూడదు. బహామాస్ వెళ్లే ఓడకి ఈ సౌకర్యం హెచ్‌1బీ వాళ్లకి వర్తించదు, కాబట్టి రూటు మార్చేటప్పుడు జాగ్రత్త. అసలు చిక్కు మెక్సికో వైపు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా స్టాంపు గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు. ఐ-797 వీసా కాదు. టెర్మినల్‌లో కాగితాలు చూసే మనిషి ఆపేస్తే టికెట్ డబ్బు కూడా పోతుంది. మెక్సికో వీసా తీసుకోండి, లేదా క్రూజ్ కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో ఎవరో "పర్లేదండి" అన్నారని బయల్దేరకండి.

అమ్మానాన్నలకి మల్టిపుల్ ఎంట్రీ స్టాంపు, ఐ-94 గడువులో ఉంటే చాలు. ఐ-94 ప్రింటు వెంట ఉంచండి. "క్రూజ్‌కి వెళ్లొస్తే ఇంకో ఆరు నెలలు ఇస్తారట" అనే మాట మన వాళ్లలో బాగా తిరుగుతోంది. 30 రోజుల్లోపు మెక్సికో వెళ్లొస్తే మామూలుగా పాత ఐ-94 తేదీయే కొనసాగుతుంది. ఓడ దిగాక సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) సైట్‌లో తేదీ చూసుకోండి.

పిల్లలు అమెరికా పౌరులు కాబట్టి బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే క్రూజ్‌కి బర్త్ సర్టిఫికెట్ సరిపోతుంది. అయినా పాస్‌పోర్టు ఉంటే మంచిది, మధ్యలో ఓడ దిగి విమానం ఎక్కాల్సి వస్తే అదే కావాలి.

మధ్య_డెక్కు
ఖర్చు: టికెట్ ధర చూసి సంతోషపడకండి. టిప్పులు మనిషికి రోజుకి దాదాపు 16–20 డాలర్లు, మూడేళ్ల బాబుకీ తప్పవు. 17 చొప్పున వేసుకున్నా 6 × 5 × 17 = 510 డాలర్లు. దీని మీద వైఫై, గాల్వెస్టన్ పార్కింగ్, కోజుమెల్ ఖర్చులు. ఓడలో ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వకండి. వాడినా వాడకపోయినా కొంత మొత్తం హోల్డ్ చేస్తారు, అది విడుదలయ్యేదాకా మీ బ్యాంకు డబ్బు ఇరుక్కుపోతుంది. ఓడ కదిలేలోపు అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, ముఖ్యంగా అమ్మానాన్నలవి. ఓడ టవర్‌కి తగులుకుంటే రోమింగ్ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

రూములు: మధ్యలో తలుపున్న రెండు కనెక్టింగ్ రూములు అడగండి. కింది డెక్కుల్లో, ఓడ పొడవుకి నడిమధ్యలో ఉండాలి, ఊగుడు అక్కడ తక్కువ. ముక్కు వైపు పై అంతస్తు ఎక్కువ ఊగుతుంది. రూము పైనా కిందా కూడా రూములే ఉండేలా డెక్ మ్యాపు చూడండి. నెత్తి మీద బఫే ఉంటే తెల్లవారుజాము నుంచి కుర్చీలు లాగే మోతే.

నాన్నగారి కోసం ఒకటి గమనించండి. ఓడ బాత్రూంకి ఎత్తు కడప ఉంటుంది, షవర్ ఇరుకు. రాత్రి లైటు లేకుండా లేస్తే కాలు తగిలి పడే చోటు అదే. బ్యాటరీ నైట్ ల్యాంపు తీసుకెళ్లండి. టెర్మినల్‌లో వీల్‌చెయిర్ సాయం అడగడానికి మొహమాటపడొద్దు, క్యూ పొడుగు.

బాల్కనీ_పార్టీ
పెద్దవాళ్లకి మాత్రం కిటికీ లేని రూము తీసుకోకండి. లైటు ఆపితే పగలో రాత్రో తెలియదు, తల తిరిగినప్పుడు చూపు నిలపడానికి దూరంగా ఆకాశం, సముద్రం కలిసే గీత కూడా కనబడదు. బాల్కనీ ఖరీదెక్కువైతే కింది డెక్కులో ఓషన్‌వ్యూ (కిటికీ ఉన్న రూము) మధ్యేమార్గం. మీకు, పిల్లలకి ఇంటీరియర్ (కిటికీ లేనిది) సరిపోతుంది, ఎలాగూ నిద్రకే వస్తారు.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు. అమ్మానాన్నల విజిటర్ పాలసీ ఓడ మీద, మెక్సికోలో పనిచేస్తుందా, ఎయిర్ అంబులెన్స్ ఖర్చు ఇస్తుందా అని అడగండి. ఓడ డాక్టర్ బిల్లు నేరుగా మీ రూము ఖాతాలో పడుతుంది.

గోంగూర_గ్యాలీ
అమ్మగారి తిండికి ఒకే చిట్కా: "వెజిటేరియన్" అని చెప్పి ఊరుకోకండి, వాళ్ల లెక్కలో గుడ్డు శాకాహారమే. బుకింగ్‌లోనే "ఇండియన్ వెజిటేరియన్, నో ఎగ్" అని రాయించండి. మొదటి రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌తో మళ్లీ చెప్పండి. మర్నాటి భోజనం ముందురోజు రాత్రే చెప్పాలి, అప్పుడే పప్పు, కూర, అన్నం విడిగా చేసిపెడతారు. వంటింట్లో, టేబుళ్ల దగ్గర మన దేశం వాళ్లు చాలామందే ఉంటారు, అడిగితే పచ్చిమిర్చి కూడా వస్తుంది. బఫేలో సూపు చికెన్ నీళ్లతో, కేకు గుడ్డుతో, జెల్లీ జెలటిన్‌తో (జంతువుల నుంచి తీసేది) చేసుండొచ్చు. పొద్దున ప్లెయిన్ యోగర్ట్, మధ్యాహ్నం తెల్లన్నం ఉంటాయి కనుక పెరుగన్నానికి లోటు లేదు.

ఇంట్లో చేసిన పులిహోర, చపాతీలు ఎక్కనివ్వరు. సీలు విప్పని జంతికలు, మిక్చర్, పొడుల ప్యాకెట్లు పర్వాలేదు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, అగరొత్తులు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకెళ్తే తీసేసుకుంటారు. ఓడలో అన్నిటికన్నా పెద్ద భయం నిప్పే. ఇన్‌స్టంట్ ఉప్మా కప్పుకి వేడినీళ్లు బఫేలో దొరుకుతాయి. కోజుమెల్‌లో దిగేటప్పుడు పళ్లు, శాండ్‌విచ్‌లు వెంట తీసుకెళ్లకూడదు.

ఊళ్లో తింటే అన్నం చికెన్ రసంలో, బీన్స్ పందికొవ్వులో వండి ఉండొచ్చు. "సిన్ కాల్దో దె పోయో, సిన్ మాంతేకా" (చికెన్ రసం, పందికొవ్వు లేకుండా) అని స్పానిష్‌లో అడగండి.

డాలస్_దంపతులు
కాగితాల గారూ, మెక్సికో వీసా అపాయింట్‌మెంట్ చూస్తున్నాను, థాంక్స్. ఇంకో రెండు: వాంతుల మందు ఎప్పుడు వేసుకోవాలి? టులుమ్ మాయా శిథిలాలు చూసి రావచ్చా? బాబు స్విమ్ డైపర్‌తో పూల్‌లోకి దిగొచ్చా?

మధ్య_డెక్కు
రెండన్నారు, మూడు అడిగారు :)

మెక్లిజిన్ 25 మి.గ్రా. బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక పెద్దగా లాభం లేదు. నిద్రమత్తు వస్తుంది. గ్లకోమా గానీ ప్రోస్టేట్ ఇబ్బంది గానీ ఉంటే డాక్టర్‌ని అడగకుండా ఇవ్వొద్దు. 12 ఏళ్లలోపు పిల్లలకి అది కాదు, పీడియాట్రీషియన్‌ని అడగండి. ఖాళీ కడుపు ఇంకా తిప్పుతుంది, బిస్కెట్లు, అల్లం మురబ్బా దగ్గరుంచుకోండి. జనవరిలో చలిగాలులు దిగినప్పుడు గల్ఫ్ ఊగుతుంది, అందరికీ పడకపోవచ్చు.

స్విమ్ డైపర్‌తో మామూలు పూల్‌లోకి, జకూజీలోకి రానివ్వరు. కొన్ని ఓడల్లో చిన్నపిల్లలకి వేరే స్ప్లాష్ జాగా ఉంటుంది, మీ ఓడకి ఉందో లేదో బుకింగ్‌కి ముందే చూడండి.

టులుమ్ వద్దు. కోజుమెల్ దీవి, టులుమ్ అవతలి గట్టు మీద. ఓడ దిగి, ఫెర్రీలో ముప్పావు గంట పోయి ప్లాయా దెల్ కార్మెన్, అక్కడినుంచి బస్సు, మళ్లీ ఇదంతా వెనక్కి. జనవరి ఉత్తరగాలికి ఆ ఫెర్రీయే ఓడకన్నా ఎక్కువ తిప్పుతుంది. మాయా శిథిలాలు చూడాలంటే దీవిలోనే శాన్ హెర్వాసియో ఉంది. ట్యాక్సీలకి మీటరు ఉండదు, ఎక్కేముందే రేటు తేల్చుకోండి.

కాగితాల_పిచ్చి
టైము విషయం. కోజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే టైము పాటిస్తోంది, చలికాలంలో అది టెక్సస్ కన్నా గంట ముందు. కొన్ని ఓడలు గడియారం మారుస్తాయి, కొన్ని మార్చవు. ఓడ మార్చి మీ చేతి గడియారం మారకపోతే గంట ఆలస్యంగా వస్తారు. దిగేముందు షిప్ టైము చూసి వాచీ దానికే పెట్టుకోండి. ఓడ టూరులో వెళ్తే ఆలస్యమైనా ఆగుతుంది, సొంతంగా వెళ్తే ఆగదు.

బాల్కనీ_పార్టీ
చివరి రాత్రి పెట్టెలు 10–11 గంటలకల్లా రూము బయట పెట్టమంటారు, పొద్దున టెర్మినల్‌లోనే మళ్లీ కనబడతాయి. మందులు, పాస్‌పోర్టులు, డైపర్లు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. అన్నీ సర్దేసి లుంగీతో ఓడ దిగినవాళ్లు లేకపోలేదు. మర్నాడు ఆఫీసు మీటింగులు పెట్టుకోవద్దు. జనవరిలో గాల్వెస్టన్ కాలువ మీద పొగమంచు కమ్మితే ఓడని రేవులోకి రానివ్వరు, అది విడిచేదాకా బయటే నిలబడుతుంది.