లియాండర్ నుంచి ఆస్టిన్ డౌన్‌టౌన్‌కి రోజూ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా? టోల్ రోడ్డా, రైలా?

డాలస్ నుంచి ఆస్టిన్‌కి మారుతున్నాం, ఆస్టిన్ శివారు లియాండర్‌లో ఒక ఇల్లు దాదాపు ఖాయమైంది. మా ఆవిడ ఆఫీసు డౌన్‌టౌన్‌లో. ఇల్లు చూపించిన ఏజెంటేమో "183ఏ టోల్ రోడ్డు ఎక్కితే ఎంతసేపండీ" అని తేలిగ్గా అనేశాడు, కానీ ఆయన చూపించింది ఆదివారం పొద్దున!

నాకు తెలిసినంతవరకు 183ఏని సెంట్రల్ టెక్సస్ రీజినల్ మొబిలిటీ అథారిటీ కట్టింది, 2007లో తెరిచారు. మన హైదరాబాద్ ఓఆర్ఆర్‌లా దిగేచోట లెక్క కట్టరు, దారిలో ఒక్కో గ్యాంట్రీ (రోడ్డుకి అడ్డంగా పైన కెమెరాలున్న ఫ్రేమ్) కింద వెళ్లినప్పుడల్లా టోల్ పడుతుంది. బూత్ లేదు, క్యాష్ లేదు. కారుకి ట్యాగ్ (మన ఫాస్టాగ్ లాంటిది) లేకపోతే నంబర్ ప్లేట్ ఫోటో తీసి ఇంటికి బిల్లు పంపుతారు, అది ట్యాగ్ రేటు కంటే ఎక్కువ. మా డాలస్ టోల్‌ట్యాగ్ అక్కడా పనిచేస్తుంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. అసలు భయం డౌన్‌టౌన్ వైపు వెళ్లే మోపాక్ హైవేలో టోల్ కట్టి వెళ్లే ఎక్స్‌ప్రెస్ లేన్. ట్రాఫిక్ పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుందట, అంటే సరిగ్గా మనకు అవసరమైన టైంలోనే.

ఇంకోవైపు క్యాప్‌మెట్రో (ఆస్టిన్ బస్సులు, రైళ్లు నడిపే సంస్థ) రెడ్ లైన్ రైలు లియాండర్‌లోనే మొదలవుతుంది, డౌన్‌టౌన్‌కి 32 మైళ్లు. చాలావరకు సింగిల్ ట్రాక్ కావడంతో ఒక రైలు తప్పితే తర్వాతదానికి బాగానే ఆగాలంటున్నారు.

రోజూ వెళ్లేవాళ్లు చెప్పండి ప్లీజ్: నెలకి టోల్ ఎంతవుతోంది? సాయంత్రం రైల్లో సీటు దొరుకుతుందా? మోపాక్ లేన్‌లో బస్సులకి టోల్ లేదు కదా, ఎక్స్‌ప్రెస్ బస్సే నయమా? వచ్చే వారం అడ్వాన్స్ కట్టాలి.