షుగర్ ఉన్నవాళ్లకు సరిపడే డార్క్ బీర్ ఏది?

మాది మహబూబ్‌నగర్. టైప్ 2 షుగర్, పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్ 500, వాటితో పాటు పొద్దున గ్లిమెపిరైడ్ 1 ఎంజీ. చివరిసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 7.2 వచ్చింది. చలికాలంలో శనివారం రాత్రి ఒక పైంట్ డార్క్ బీర్ తాగుతా, అంతకంటే ఎక్కువ లేదు, జొన్నరొట్టె, నాటుకోడి కూర తిన్నాకే. డాక్టర్ కూడా ఖాళీ కడుపుతో వద్దు, ఒక్కటి దాటొద్దు అన్నారు గానీ ఏ బీర్ అన్నది చెప్పలేదు.

ఇక్కడి వైన్స్‌లో లాగర్, స్ట్రాంగ్ తప్ప దొరకవు కాబట్టి హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటున్నా. మిల్క్ స్టౌట్ (స్టౌట్ అంటే ఒక రకం డార్క్ బీర్) తాగితే రెండు గంటలకు షుగర్ 218, అందులో లాక్టోజ్ (పాల చక్కెర) కలుపుతారు, అది పులియదు, తీపి అలాగే మిగులుతుంది. తీపి లేని డ్రై స్టౌట్‌కు మారాక అదే భోజనంతో 171, బాగానే ఉంది అనుకున్నా, కానీ తెల్లవారుజామున మూడింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మీటర్‌లో 66. గ్లూకోజ్ నీళ్లు తాగితే వణుకు తగ్గింది, నిజంగా భయమేసింది. ఆ తర్వాత పడుకునే ముందు గుప్పెడు పల్లీలు తిని చూశా, అయినా 74కు పడింది. మందు మోతాదు గురించి డాక్టర్‌నే అడుగుతా, ఈలోగా బీర్ ముట్టను.

నల్లరంగు వేయించిన బార్లీది, చక్కెరది కాదని తెలుసు. గిన్నిస్ డ్రాఫ్ట్ 355 ఎంఎల్‌లో కార్బ్స్ 10 గ్రాముల దాకా, ఆల్కహాల్ 4.2 శాతం. నాకు దొరికిన సీసాల మీద మాత్రం ఆల్కహాల్ శాతమే ఉంది, కార్బ్స్ ఊసే లేదు.

షుగర్ ఉండి డార్క్ బీర్ తాగేవాళ్లు చెప్పండి, ఆల్కహాల్ 4.5 శాతం లోపు, పైంట్‌కు కార్బ్స్ 10 గ్రాములు దాటని డార్క్ బీర్ హైదరాబాద్‌లో ఏది దొరుకుతుంది?