భవిత కేంద్రం పిల్లలు, హైస్కూలు పిల్లలు కలిసి ఆడటానికి విరాళాలు ఎలా సేకరించాలి?

జడ్పీ_పీఈటీ:
నమస్కారమండీ. గుంటూరు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీని. మా ఆవరణలోనే భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం ఉంది. సెరిబ్రల్ పాల్సీ (కాళ్ళూ చేతులూ సరిగా అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు వస్తారు, ఒకబ్బాయికి చూపు దాదాపు లేదు. ఏటా డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, వాళ్ళకి విడిగా ఓ పరుగు పందెం పెట్టి, స్టీలు గిన్నెలు చేతిలో పెట్టి పంపేస్తాం. నాకది నచ్చడం లేదు. ప్రతి శనివారం మా ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళతో కలిపి ఒకే టీములో ఆడించాలని ఉంది. హెచ్‌ఎం గారు సరే అన్నారు. ఆటోలకి, మ్యాట్లకి, బంతులకి డబ్బు కావాలి. మా బావమరిదేమో నా ఫోన్‌పే నంబరు, పిల్లల ఫొటోలు పెట్టి వాట్సాప్‌లో తిప్పేద్దామంటున్నాడు. డాలస్‌లో ఉన్న పాత విద్యార్థులు కూడా పంపుతామన్నారు. ఇలా తీసుకోవచ్చా?

లెక్కల_మనిషి:
మాస్టారూ, సొంత ఫోన్‌పే మాత్రం వద్దు. మీరు పైసా ముట్టకపోయినా రేపు ఎవడో ఒకడు లెక్క అడుగుతాడు, పైగా మీరు ప్రభుత్వ ఉద్యోగి. మీ ఊళ్ళో ఇప్పటికే రిజిస్టరై, ఏటా ఆడిట్ చేయించుకునే ట్రస్టు ఏదైనా ఉంటే వాళ్ళ ఖాతాలో వేయించండి. వాళ్ళకి 80జీ, అంటే విరాళాలకి ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు ఉంటే ఇచ్చినవాళ్ళకి పన్నులో కొంత కలిసొస్తుంది, కాకపోతే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, నగదైతే 2000 దాటకూడదు. ట్రస్టు లేదంటారా, డబ్బు అడగనే వద్దు, వస్తువులే అడగండి. రైస్ మిల్లు ఆసామి మ్యాట్లు కొనిస్తాడు, మందుల షాపాయన బంతులు కొనిస్తాడు, హెచ్‌ఎం గారు స్టాకు రిజిస్టర్లో రాసుకుంటారు, అయిపోయింది.

డాలస్ వాళ్ళ దగ్గర జాగ్రత్త. ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళయితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే ముందు రావాలి. కాబట్టి అడిగేముందే ఎవరిది ఏ పాస్‌పోర్టో తెలుసుకోండి.

గోదారి_కుర్రోడు:
సార్, దీప్తి జివాంజి ఫొటోతో పోస్టరు కొట్టించండి. వరంగల్ వైపు కల్లెడ అమ్మాయి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది, ఊళ్ళో చిన్నప్పుడు ఎన్ని మాటలన్నారో పేపర్లలో వచ్చింది కదా. ‘మన ఊరి నుంచి ఇంకో దీప్తి’ అని పెడితే చందాలు వాటంతటవే వస్తాయి.

చిన్నూ_వాళ్ళమ్మ:
బాబూ, ఆ అమ్మాయంటే నాకూ గౌరవమే. కానీ పతకం పేరు చెప్పి డబ్బులడిగితే రెండేళ్ళకి ‘మరి పతకమేదీ’ అంటారు. మా వాడికి సెరిబ్రల్ పాల్సీ, పన్నెండేళ్ళు. వాడు పతకం తేనక్కర్లేదు, శనివారం పొద్దున షూ వేసుకుని గేటు దగ్గర ఆటో కోసం చూస్తే నాకు చాలు.

ఫొటోల విషయం గట్టిగా చెప్తున్నా మాస్టారూ. ఒకసారి ఒక క్లబ్బు వాళ్ళు వచ్చి పిల్లల్ని ఎండలో నిలబెట్టి, మంచమంత చెక్కు పట్టుకుని ఫొటో దిగి వెళ్ళారు. ఆ రోజు మా వాడి మొహం ఫ్లెక్సీ మీదకెక్కింది, నన్ను అడిగినవాళ్ళు లేరు. మీరు మాత్రం ఇంట్లోవాళ్ళ చేత సంతకం పెట్టించుకోకుండా ఒక్క ఫొటో కూడా పెట్టకండి, పెట్టినా ఆడుతున్నది పెట్టండి, ఏడుపు మొహాలు వద్దు.

ఇంకోటి, డబ్బంతా బంతులకే పెట్టకండి. మా దగ్గర ఆటలు ఆగిపోయేది ఆటో లేక, పిల్లాడిని బాత్రూంకి తీసుకెళ్ళే ఆయమ్మ లేక. విరాళం అడిగేటప్పుడు ‘ఒక పిల్లాడికి ఒక నెల ఆటో ఖర్చు ఇంత’ అని రాయండి, ఇచ్చేవాళ్ళకి సూటిగా అర్థమవుతుంది.

కోచ్_విజయవాడ:
అమ్మగారు చెప్పింది నిజం. అసలు సామానుకి మీరు భయపడేంత ఖర్చే లేదు. బోచియా అని కూర్చుని బంతులు విసిరే ఆట ఉంది, అందులో ఆరు ఎర్ర బంతులు, ఆరు నీలం బంతులు, ఒక తెల్ల బంతి, తెల్లదానికి ఎవరు దగ్గరగా వేస్తే వాళ్ళదే పాయింటు. చెయ్యి లేవని పిల్లాడికి పీవీసీ పైపుని నిలువునా చీల్చి కుర్చీకి ఏటవాలుగా ఆనిస్తే చాలు, మెడతో పైపుని ఎటు తిప్పాలో చూపిస్తాడు, పక్కనున్నవాడు తిప్పుతాడు, బంతిని వీడే తోస్తాడు. మీ తొమ్మిదో తరగతి హీరోలు మొదట్లో ఓడిపోతారు, చూడండి.

వాలీబాల్ నెట్టు ఎలాగూ ఉంటుంది. దాన్నే మీటరు పైచిలుకు ఎత్తుకి దించి, అందరినీ నేల మీద కూర్చోబెట్టి ఆడించండి, పిర్రలు నేలకి ఆనే ఉండాలన్నది ఒక్కటే కచ్చితం. చూపు లేని బాబుకి లోపల గోళీలు మోగే బంతితో క్రికెట్. ఆ ఆటలో పూర్తిగా చూపులేనివాళ్ళు కొట్టిన పరుగు రెండుగా లెక్కిస్తారు. మన ఆంధ్రా కుర్రాడు అజయ్ కుమార్ రెడ్డి ఆ ఆటలోనే భారత జట్టు కెప్టెనై 2023 అర్జున అవార్డు తెచ్చుకున్నాడు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి ఆటలు నడిపే స్పెషల్ ఒలింపిక్స్ సంస్థ వాళ్ళ యూనిఫైడ్ (కలిసి ఆడే) ఫుట్‌బాల్ ఐదుగురి ఆటలో ముగ్గురు అలాంటివాళ్ళు, ఇద్దరు మామూలు పిల్లలు ఉంటారు. ఆ లెక్క పెట్టుకోకపోతే మీవాళ్ళే బంతంతా ఆడేస్తారు, వీళ్ళు అంచున నిలబడి చప్పట్లు కొడతారు.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ దగ్గర కీలు వదులుగా ఉంటుంది. పిల్లిమొగ్గలు, తలతో బంతి కొట్టడం లాంటివి డాక్టరు చూశాకే. ఆ డాక్టరు ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి, జనం మరిచిపోతారు.

జడ్పీ_పీఈటీ:
అందరికీ థాంక్సండీ. ఫోన్‌పే ఆలోచన మానేశాను. మా ఊరి గ్రంథాలయం ట్రస్టు వాళ్ళని కలుస్తాను. మ్యాట్లు, బంతులు వస్తువులుగానే అడుగుతాం, డబ్బు మాత్రం ఆటోకి, ఆయమ్మకి, డాక్టరుకి. పైపు రేపే కోయిస్తాను. వచ్చే నెల నుంచి ప్రతి శనివారం అనుకుంటున్నాం.

చిన్నూ_వాళ్ళమ్మ:
రెండో శనివారం బడికి సెలవు మాస్టారూ, ఆటో అతనితో మాట్లాడేటప్పుడు అది చూసుకోండి.