‘ఇంటి గుట్టు లంకకు చేటు’: ఇక్కడ సరైన మాట గుట్టేనా?

మా బాబాయి రక్షణ రంగంలో పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు సంతోష్‌నగర్‌లో ఉంటాడు. మొన్న భోజనాల దగ్గర, అణ్వాయుధాలకు ఏదైనా ప్రమాదం జరిగితే మనకు చెప్తారా బాబాయ్ అని అడిగితే ‘ఇంటి గుట్టు లంకకు చేటురా’ అనేసి పప్పు వడ్డించుకున్నాడు. సామెత అక్కడ అతికిందా అని నా అనుమానం. మన భాషా గ్రూపులో పెద్దలు చెప్పండి.

—

అతకలేదు తమ్ముడూ. గుట్టు మనకు చెడ్డ మాట కాదు. అప్పుల సంగతి పక్కింటికి తెలియనివ్వకుండా గుట్టుగా కాపురం నెట్టుకొచ్చింది అని అమ్మమ్మల గురించి గొప్పగా చెప్పుకుంటాం. అక్కడ గుట్టు దాచుకున్నవాళ్లదే, నష్టమొచ్చినా వాళ్లకే. పక్కవాడి ప్రాణం మీదికొచ్చే సంగతి దాస్తే దాన్ని దాపరికం అంటాం.

1961 జనవరిలో అమెరికాలో నార్త్ కరోలినా గోల్డ్స్‌బరో దగ్గర బి-52 విమానం గాల్లోనే విరిగిపోయి రెండు హైడ్రోజన్ బాంబులు కిందపడ్డాయి. ఒకదానికి పారాచూట్ విచ్చుకుంది, పేలడానికి జరగాల్సిన అంచెలు చాలావరకు జరిగిపోయాయి, ఆపింది తక్కువ వోల్టేజీ స్విచ్ ఒక్కటే. ఈ మాట వాళ్ల ప్రభుత్వ ప్రయోగశాల ఇంజినీరే 1969లో రాసిపెట్టాడు, జనం చదివింది మాత్రం 2013లో. విమానం కూలిన వార్త అప్పుడే పేపర్లలో వచ్చింది కాబట్టి శత్రువుకు తెలియకూడదని దాచారనడానికీ లేదు. దాచింది ఆ స్విచ్ సంగతి.

లంక కూడా గుట్టు బయటపడే చెడిందా? విభీషణుడు ముందు చెప్పింది రాముడికి కాదు, నిండు సభలో అన్నకే. తిట్టించుకున్నాకే అటు వెళ్లాడు. సామెత కట్టినవాళ్లు కథలో రెండో సగమే తీసుకున్నారు.

—

అన్నా, అది అమెరికా. చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా మనం అన్నీ చెప్పుకుంటామా? దేశ భద్రతకు చేటు తెచ్చే సమాచారం ఇవ్వనక్కర్లేదని సమాచార హక్కు చట్టంలో 8(1)(ఎ) పెట్టింది అందుకే.

—

అన్నీ అనలేదు. కోడ్‌లు, ఎక్కడ పెట్టారన్నది గుట్టుగానే ఉండనీ. కానీ అదే చట్టం 8(3)లో 20 ఏళ్లు దాటిన సంగతులు అడిగితే ఇవ్వాలని ఉంది, నువ్వు చెప్పిన (ఎ)కి మాత్రం ఆ గడువు వర్తించదు. గడియ పెట్టారు, తీసే తేదీ రాయలేదు.

మాటలతో ఎలా దాస్తారో మన దగ్గరే చూడు (అణ్వస్త్రం కాదులే). 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున పాకిస్తాన్‌లో మియాన్ చన్నూ దగ్గర పడింది. రెండు రోజుల తర్వాత మన ప్రకటనలో ‘సాంకేతిక లోపం’ అన్నారు. ఆగస్టు వచ్చేసరికి నిబంధనలు తప్పారని ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుంచి తీసేశారు. మార్చి వాక్యంలో లేని కర్త ఆగస్టులో దొరికాడు. భాషా గ్రూపు కాబట్టి నాకు ముందు కనబడేది ఇదే.

—

టాపిక్ సామెత, గుర్తుంచుకోండి. ఆ పైన ఎలాగూ ఎవరో ఒకరు ‘జవాబుదారీతనం’ అంటారు, ‘దారీ’లోనే ‘తనం’ అన్న అర్థం ఉంది, జవాబుదారీ అంటే చాలు. పాతబస్తీలో అయితే జవాబ్‌దేహీ అంటారు.

—

అన్నా, నీ జవాబు బాబాయికి చదివి వినిపించా. విభీషణుడి దగ్గర తలూపాడు. దాపరికం అన్న దగ్గర మాత్రం కోపమొచ్చి ‘దాపరికం కాదురా, డ్యూటీ’ అన్నాడు. డ్యూటీకి సరిపోయే తెలుగు మాట కోసం రేపు ఇంకో పోస్టు పెడతా.