అప్‌డేట్: ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాను, హెడ్‌ఫోన్‌లో ఆలస్యం పోయింది

విండోస్ ల్యాప్‌టాప్‌లో పాడుతుంటే గొంతు హెడ్‌ఫోన్‌లో వెనకబడి వినిపిస్తోంది, ఏ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, గిటార్‌ను కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మంచిదని అడిగాను కదా. మీరన్నట్టే కంపెనీ సొంత ఏసియో డ్రైవర్ (విండోస్ సౌండ్ వ్యవస్థను దాటి ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) ఇచ్చే రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ తీసుకున్నా. తేడా చాలావరకు డ్రైవర్‌దే. సొంత ఏసియో లేని పరికరాలకు వాడే ఏసియో ఫర్ ఆల్ (ASIO4ALL) అనేది విండోస్ డ్రైవర్ మీద వేసిన తొడుగు, అంతే.

బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క, శాంపిళ్లలో కొలుస్తారు. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48,000 శాంపిళ్లు) 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒకవైపుకు 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ రెట్టింపు, ఆపైన కన్వర్టర్లు (శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చేవి), యూఎస్‌బీ తినే సమయం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చూపే ఆలస్యం అంకెను గుడ్డిగా నమ్మొద్దు. అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి కేబుల్ పెట్టి ఒక క్లిక్ పంపి రికార్డు చేయండి. రికార్డైన క్లిక్ అసలు క్లిక్ నుంచి ఎన్ని శాంపిళ్లు జరిగిందో సాఫ్ట్‌వేర్‌లోని రికార్డింగ్ ఆఫ్‌సెట్ సెట్టింగ్‌లో వేయాలి.

బఫర్‌ను 64కి దించగానే చిటపటలు మొదలయ్యాయి. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపే ల్యాటెన్సీమాన్ (LatencyMon) ప్రోగ్రాంలో చూస్తే దోషి వైఫై డ్రైవర్! వైఫై ఆపి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చి, యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పోర్టుకు పెట్టాక సద్దుమణిగింది. మిక్సింగ్‌లో ఆలస్యంతో పనిలేదు కాబట్టి అప్పుడు బఫర్ 512 పెట్టేస్తున్నా.

పాట మాత్రమే పాడేవాళ్లకు ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ బటన్ (గొంతును కంప్యూటర్‌కి వెళ్లకుండానే నేరుగా హెడ్‌ఫోన్‌కి పంపేది) చాలు. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మానిటరింగ్ ఆపండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. చిన్న బఫర్ అవసరం ముఖ్యంగా ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్ట్ ఇచ్చేది) గుండా గిటార్ వాయించేవాళ్ల లాంటి వాళ్లకు.