గుర్తింపు వచ్చాక కూడా పాత క్రియేటర్లు ఎందుకు గొణుగుతున్నారు?

కొత్తచిగురు:
చందా కట్టినవాళ్లకు క్రియేటర్లు ఫొటోలు, వీడియోలు చూపించే ఓన్లీఫ్యాన్స్ సైట్ పేరు విననివాళ్లు ఇప్పుడు తక్కువే. సెలబ్రిటీలు ఖాతాలు తెరుస్తున్నారు, పత్రికలు మామూలు వ్యాపారంలాగే రాస్తున్నాయి. అయినా ఏళ్లుగా అడల్ట్ కంటెంట్ చేస్తున్నవాళ్లు "అప్పుడే నయం" అంటున్నారు. తల దించుకోకుండా పని చేసుకునే రోజులొస్తే మంచిదే కదా? చేరదామా అని ఆలోచిస్తున్నా, అందుకే అడుగుతున్నా.

పాతకాపు:
మర్యాద వచ్చింది, కాదనను. ఎవరికొచ్చిందో చూడండి. 2020 ఆగస్టులో నటి బెల్లా థోర్న్ చేరి ఒక్కరోజులో 10 లక్షల డాలర్లు సంపాదించిందని వార్తలొచ్చాయి. ఆ వెంటనే టిప్పులకు 100 డాలర్లు, డబ్బు కట్టి తెరిచే మెసేజ్‌లకు 50 డాలర్లు పరిమితి పెట్టారు. కొన్ని దేశాల్లో వారానికి అందే డబ్బు నెలకు అందేలా చేశారు. ఈ మార్పులకు ఆమె కారణం కాదని కంపెనీ చెప్పింది. ఎవరి వల్లయితేనేం, అద్దె కోసం వెతుక్కుంది మాలాంటివాళ్లమే.

పేరు పెరిగితే బ్యాంకుల కళ్లు పడతాయి. 2021 ఆగస్టు 19న అదే సైట్ అక్టోబరు నుంచి అశ్లీల దృశ్యాలు నిషేధం అంది. 25న వెనక్కి తగ్గింది. నిషేధం పెట్టాలనుకోడానికి కారణం బ్యాంకులేనని అప్పటి సీఈఓ టిమ్ స్టోక్లీ చెప్పాడు. ఆ మధ్య రోజుల్లో నా సబ్‌స్క్రైబర్లు ఆటో రెన్యువల్ ఆపేసుకుంటూ పోయారు. నిషేధం పోయింది గానీ వాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. మా సంపాదనలో సైట్ తీసుకునే 20 శాతం కమీషన్ మాత్రం చెక్కుచెదరలేదు!

అదే ఏడాది అక్టోబరులో, కార్డు చెల్లింపులు నడిపే మాస్టర్‌కార్డ్ అడల్ట్ సైట్లకు పెట్టిన కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. వీడియోలో కనిపించే ప్రతి ఒక్కరి వయసు, గుర్తింపు, రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఇది అడగాల్సిందే, ఒకరి ఇష్టం లేకుండా వాళ్ల వీడియో ఎక్కకూడదు. కానీ నా పాత వీడియోల్లో ఉన్న మనిషితో ఎప్పుడో విడిపోయాను. "నీ గుర్తింపు కార్డు పట్టుకుని ఫొటో దిగి పంపు" అని మళ్లీ మెసేజ్ పెట్టాల్సి వచ్చింది. జవాబు రాలేదు. బాగా అమ్ముడయ్యేవన్నీ తీసేశాను. పెద్ద స్టూడియోలకు ఈ కాగితాలు చూసే గుమస్తాలుంటారు. నాకు నేనే గుమస్తాని.

ముసుగుమనిషి:
డబ్బు సంగతి అలా ఉంచండి. ఇదివరకు ఈ సైట్ల పేర్లు మా బంధువులకు తెలియవు, అదే మాకు తలుపు గడియ. ఇప్పుడు ఇంటి నుంచి పని అంటే చాలు, "ఓన్లీఫ్యాన్సా?" అని నవ్వుతారు. అందరికీ తెలిసినంత మాత్రాన అందరూ ఒప్పుకున్నట్టు కాదు. నా బ్యాంకు అయితే కారణం చెప్పకుండానే ఖాతా మూసేసింది.

కొత్తచిగురు:
అయితే చేరొద్దంటారా?

పాతకాపు:
అనను. నేనింకా ఇదే చేస్తున్నాను కదా. ఎవరితో షూట్ చేసినా అదే రోజు, కెమెరా ఆన్ చేయకముందే కాగితాలు తీసుకోండి, కాపీ మీ దగ్గరా పెట్టుకోండి. సైట్ వాలెట్‌లో డబ్బు నిల్వ ఉంచకండి, ఖాతా ఆగితే అదీ ఆగుతుంది. వేరే చోట కూడా ఒక పేజీ నడపండి, అక్కడ పదిమందే ఉన్నా సరే. ముసుగుమనిషి గారూ, ఆ ఖాతా డబ్బు మీకు తిరిగి ఇచ్చారా?